ఇంట్లో ఆర్కేడ్ బోర్డులు ఆడుకోవడానికి సూపర్‌గన్: తరచుగా అడిగే ప్రశ్నలు

సూపర్‌గన్ అంటే ఏమిటి?

ఆర్కేడ్ మెషీన్‌లో అసలు గేమ్ అంతా ఒక సర్క్యూట్ బోర్డు మీదే ఉంటుంది. మానిటర్, స్పీకర్, జాయ్‌స్టిక్‌లు, పవర్ సప్లై, నాణేల పెట్టె, ఇవన్నీ ఆ బోర్డుకు చాకిరీ చేసేవే. ఆ చాకిరీని ఒక చిన్న పెట్టెకు అప్పగిస్తే అదే సూపర్‌గన్. అది చేసే పనులు మూడు: బోర్డుకు కరెంటు ఇవ్వడం, బోర్డు నుంచి వచ్చే చిత్రాన్నీ శబ్దాన్నీ టీవీ భరించగలిగే స్థాయికి దించడం, చేతిలోని కంట్రోలర్ బటన్లను బోర్డుకు చేర్చడం. దానిలో గేమ్ ఉండదు, ఎమ్యులేషన్ (బోర్డును సాఫ్ట్‌వేర్‌తో అనుకరించడం) ఉండదు. బోర్డు పెట్టకపోతే అది ఉత్త పెట్టే.

ఈ పేజీలో చెప్పే ప్రతి సలహా వెనకా ఒకటే లెక్క ఉంది. సూపర్‌గన్ పాడైతే ఇంకోటి చేసుకోవచ్చు. 35 ఏళ్ల నాటి బోర్డు పాడైతే, దానిలోని కస్టమ్ చిప్‌లు మళ్లీ ఎవరూ తయారు చేయరు. అందుకే పెట్టె అందం, అదనపు హంగుల కంటే కరెంటు, వీడియో, ఆడియో వైరింగ్ సురక్షితంగా ఉండటమే మాకు ముఖ్యం.

ఏ ఆర్కేడ్ బోర్డయినా దీనిలో నడుస్తుందా?

నడవదు. సూపర్‌గన్‌లు దాదాపు అన్నీ జామా వైరింగ్ కోసం చేసినవి. జపాన్‌లోని ఆర్కేడ్ తయారీదారుల సంఘం 1985లో ఈ వైరింగ్‌ను ఖరారు చేసింది. బోర్డు అంచున ఒక్కో వైపు 28 చొప్పున 56 బంగారు రంగు పట్టీలు ఉంటాయి, పట్టీకీ పట్టీకీ మధ్య దూరం 3.96 మిల్లీమీటర్లు. 1980ల చివరి నుంచి 1990ల చివరి దాకా వచ్చిన బోర్డుల్లో ఎక్కువ భాగం ఈ కోవలోవే.

అంతకు ముందరి బోర్డులకు ఒక్కో కంపెనీది ఒక్కో వైరింగ్. వాటికి మధ్యలో అడాప్టర్ కావాలి. సెగా నయోమి లాంటి తర్వాతి తరం బోర్డులది జేవీఎస్ పద్ధతి, దాని సంగతి చివర్లో ఉంది. ఇంకో చిక్కు కూడా ఉంది: అంచు 56 పిన్నులదే అయినంత మాత్రాన అది జామా అయిపోదు. చూడటానికి అచ్చం అలాగే ఉండి, కరెంటు పిన్నులు వేరే చోట ఉన్న బోర్డులు ఉన్నాయి. బోర్డు పేరుతో పిన్నుల పటం వెతికి, మల్టీమీటర్‌తో గ్రౌండ్, 5 వోల్టుల పిన్నులు నిర్ధారించుకునే దాకా ప్లగ్ చేయకండి.

జామా పిన్నుల వరుస ఏమిటి?

విడిభాగాలు కనిపించే వైపు 1 నుంచి 28 అంకెలు, సోల్డర్ వైపు ఇంగ్లిష్ అక్షరాలు. అక్షరాల్లో జీ, ఐ, ఓ, క్యూ ఉండవు. జెడ్ తర్వాత చిన్న ఏ నుంచి చిన్న ఎఫ్ దాకా వస్తాయి.

- 1, 2, ఏ, బీ: గ్రౌండ్
- 3, 4, సీ, డీ: +5 వోల్టులు
- 5, ఈ: −5 వోల్టులు
- 6, ఎఫ్: +12 వోల్టులు
- 7, హెచ్: కీ (పిన్ను ఉండదు, అడ్డు ముక్క ఉంటుంది)
- 8, జే: నాణేల కౌంటర్లు, 9, కే: నాణేల లాకౌట్ (నాణేలను అడ్డుకునేది)
- 10: స్పీకర్ ప్లస్, ఎల్: స్పీకర్ మైనస్
- 11, ఎం: ఖాళీ
- 12: ఎరుపు, ఎన్: ఆకుపచ్చ, 13: నీలం, పీ: సింక్ (బొమ్మను తెర మీద నిలబెట్టే సిగ్నల్), 14: వీడియో గ్రౌండ్
- ఆర్: సర్వీస్, 15: టెస్ట్, ఎస్: టిల్ట్
- 16, టీ: నాణెం; 17, యూ: స్టార్ట్
- 18, 19, 20, 21: మొదటి ఆటగాడి పైకి, కిందికి, ఎడమ, కుడి, రెండో ఆటగాడికి వీ, డబ్ల్యూ, ఎక్స్, వై
- 22, 23, 24: బటన్ 1, 2, 3, రెండో ఆటగాడికి జెడ్, చిన్న ఏ, చిన్న బీ
- 25, 26, చిన్న సీ, చిన్న డీ: అధికారికంగా ఖాళీ, ఆచరణలో అదనపు బటన్లు
- 27, 28, చిన్న ఈ, చిన్న ఎఫ్: గ్రౌండ్

నాణేల కౌంటర్, లాకౌట్ పిన్నులను ఇంట్లో ఎక్కడా కలపక్కర్లేదు. సర్వీస్, టెస్ట్ పిన్నులకు మాత్రం తప్పకుండా చిన్న బటన్లు పెట్టండి. క్యాప్‌కామ్ కంపెనీ సీపీఎస్2 లాంటి బోర్డుల సెట్టింగులన్నీ టెస్ట్ మెనూలోనే ఉంటాయి.

కొనుక్కోవాలా, చేసుకోవాలా?

సోల్డరింగ్ చేయి తిరిగినవాళ్లు, మల్టీమీటర్‌తో వోల్టేజీ, కంటిన్యుటీ చూడటం తెలిసినవాళ్లు నిశ్చింతగా చేసుకోవచ్చు. దీనిలో క్లిష్టమైన ఎలక్ట్రానిక్స్ లేదు. ఎక్కువ భాగం ఓపిగ్గా వైర్లు కలపడమే. వీడియో భాగం మాత్రం తయారు బోర్డుగా కొని మిగతాది మీరు వైరింగ్ చేసుకోవడం మంచి మధ్యేమార్గం. సోల్డరింగ్ ఇప్పుడే నేర్చుకుంటున్నట్లయితే, తొలి ప్రయోగం ఖరీదైన బోర్డుతో జతయ్యే పరికరం మీద వద్దు.

కొనేటట్లయితే అమ్మేవాళ్లను ఈ నాలుగూ అడగండి. ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా వచ్చే చిత్రం) అవుట్‌పుట్ టీవీ స్థాయికి తగ్గి వస్తుందా, అలా తగ్గించడానికి లోపల ఏముంది? స్పీకర్ మైనస్‌ను గ్రౌండ్‌కు కలిపారా? 27వ పిన్ను గ్రౌండా, ఆరో బటనా, మార్చుకునే జంపర్ (రెండు పిన్నులను కలపడానికి పెట్టి తీసే చిన్న ముక్క) ఉందా? 5 వోల్టులు ఎన్ని ఆంపియర్ల దాకా వస్తాయి? వీటికి సూటిగా జవాబు రాకపోతే అది వదిలేయండి. జపాన్‌లో సిగ్మా కంపెనీ చేసిన పాత కంట్రోల్ బాక్సులు గట్టివే, కానీ వాటి లోపలి కెపాసిటర్లకూ పవర్ సప్లైకీ ఇప్పుడు వయసు మీద పడింది. కొన్న వెంటనే విప్పి చూసుకోవాల్సిందే.

ఏ పవర్ సప్లై వాడాలి?

జామా బోర్డు ప్రధానంగా తినేది 5 వోల్టులే. బోర్డును బట్టి 2 నుంచి 6 ఆంపియర్ల దాకా లాగుతుంది. 12 వోల్టులు చాలా బోర్డుల్లో సౌండ్ ఆంప్లిఫయర్‌కే, 1 ఆంపియర్ ఉంటే చాలు. కాబట్టి 5 వోల్టుల దగ్గర 8 ఆంపియర్లు ఇవ్వగలిగింది చూసుకోండి.

మూడు దారులున్నాయి. మొదటిది ఆర్కేడ్ మెషీన్ల కోసమే చేసిన స్విచింగ్ సప్లై. +5, +12, −5 మూడూ వస్తాయి, 5 వోల్టులను సర్దుకునే స్క్రూ ఉంటుంది. మీన్‌వెల్ ఆర్‌టీ-65ఏ కూడా ఈ మూడు వోల్టేజీలూ ఇస్తుంది. ఇలాంటివాటిలో ఇంటి కరెంటు కలిపే స్క్రూలు బయటికే ఉంటాయి కాబట్టి మూత ఉన్న పెట్టెలో పెట్టి, ఎర్త్ కలిపి, ఫ్యూజు వేయాలి. పిల్లలు తిరిగే ఇంట్లో దీన్ని బల్ల మీద విప్పి ఉంచకూడదు.

రెండోది కంప్యూటర్ ఏటీఎక్స్ సప్లై. ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు స్విచ్‌తో కలిపితే ఆన్ అవుతుంది. ఎరుపు 5, పసుపు 12, నీలం −12 వోల్టులు. పాత ఏటీఎక్స్ కొన్ని తక్కువ లోడుతో సరిగా నిలబడవు. అప్పుడు ఎరుపు, నలుపు వైర్ల మధ్య 10 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్ పెడితే అర ఆంపియర్ స్థిరంగా లాగుతుంది. అది వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కు తగలనివ్వకండి. ఏటీఎక్స్ అసలు లోపం వేరే: 5 వోల్టులను పైకీ కిందికీ సర్దుకునే వీలు ఉండదు.

మూడోది 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే చిన్న పికో సప్లై. ఇంటి కరెంటు పెట్టె లోపలికి రాదు, శబ్దం లేదు. తొలిసారి చేసుకునేవాళ్లకు మేము చెప్పేది ఇదే. అడాప్టర్ మాత్రం 5 ఆంపియర్లకు తగ్గకూడదు.

5 వోల్టులు సరిగ్గా ఎంత ఉండాలి, ఎక్కడ కొలవాలి?

బోర్డు మీద కొలవాలి, సప్లై దగ్గర కాదు. పాత టీటీఎల్ (5 వోల్టుల లాజిక్) చిప్‌ల హద్దు 4.75 నుంచి 5.25 వోల్టులు. మీ లక్ష్యం 4.95 నుంచి 5.10 మధ్య. బోర్డు నడుస్తుండగా ఏదైనా 14 కాళ్ల 74 సిరీస్ లాజిక్ చిప్ చూసి, నల్ల ప్రోబ్ 7వ కాలికి, ఎర్ర ప్రోబ్ 14వ కాలికి ఆనించండి. ప్రోబ్ జారి పక్క కాలికి తగలకుండా చూసుకోండి.

సప్లై దగ్గర 5.05 చూపించి బోర్డు మీద 4.8 చూపించడం చాలా మామూలు. పోయిన ఆ పావు వోల్టు వైర్లలోనూ కనెక్టర్‌లోనూ వేడిగా ఖర్చయింది. లెక్క చూడండి: 18 గేజ్ వైరు మీటరుకు 0.021 ఓమ్‌లు. మీటరు పొడవు వైరు ఒక్కటి వెళ్లడానికి, ఒక్కటి తిరిగి రావడానికి వాడితే మొత్తం 0.042 ఓమ్‌లు. 5 ఆంపియర్లకు 0.21 వోల్టు అక్కడే పోతుంది. 5 వోల్టులకు నాలుగు పిన్నులకూ నాలుగు వైర్లు, గ్రౌండ్‌కు కనీసం నాలుగు వైర్లు, పొడవు 30 సెంటీమీటర్లు చేస్తే నష్టం 0.02 వోల్టు లోపే. బటన్లకూ వీడియోకూ 24 గేజ్ చాలు.

సప్లై స్క్రూ తిప్పి వోల్టేజీ పెంచడం ఆఖరి మార్గం. ముందు బోర్డు అంచును తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. సగం సమస్యలు అక్కడే తీరిపోతాయి. స్క్రూ తిప్పే పెంచినట్లయితే, తక్కువ కరెంటు లాగే ఇంకో బోర్డు పెట్టే ముందు మళ్లీ తగ్గించడం మరవద్దు.

−5 వోల్టులు తప్పనిసరా?

ఎక్కువ బోర్డులకు అక్కర్లేదు. కొన్ని పాత బోర్డుల సౌండ్ భాగానికి మాత్రం కావాలి, లేకపోతే శబ్దం రాదు లేదా గరగరలాడుతుంది. ఏటీఎక్స్‌లో −12 ఉంటే 7905 రెగ్యులేటర్‌తో −5 తీయవచ్చు. దాని కాళ్లు 7805 లాగా ఉండవు: 1 గ్రౌండ్, 2 ఇన్‌పుట్, 3 అవుట్‌పుట్. వెనక లోహపు రేకు గ్రౌండ్ కాదు, ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది. అందుకని దాన్ని లోహపు పెట్టెకు నేరుగా బిగించకూడదు. ఇన్‌పుట్ దగ్గర 2.2, అవుట్‌పుట్ దగ్గర 1 మైక్రోఫారడ్ టాంటలమ్ కెపాసిటర్లు వేయండి. వాటి ప్లస్ కాలు గ్రౌండ్ వైపు ఉండాలి, ఎందుకంటే ఇది నెగటివ్ వోల్టేజీ.

ఆర్‌జీబీని నేరుగా టీవీకి కలిపితే ఏమవుతుంది?

బొమ్మ మితిమీరిన కాంతితో, రంగులు పాకినట్టు వస్తుంది. అది చాలాకాలం అలాగే సాగితే టీవీ లేదా కన్వర్టర్ ఇన్‌పుట్ పాడవుతుంది. ఆర్కేడ్ మానిటర్‌కు అవసరమయ్యే రంగు సిగ్నల్ 3 నుంచి 5 వోల్టుల దాకా ఉంటుంది. టీవీకి కావాల్సింది 75 ఓమ్‌ల లోడు మీద 0.7 వోల్టు.

సులువైన పద్ధతి ఒక్కో రంగుకూ 500 ఓమ్‌ల ప్రీసెట్ (తిప్పి సర్దుకునే చిన్న రెసిస్టర్) వరుసలో పెట్టడం. ఉదాహరణకు బోర్డు 4 వోల్టులు ఇస్తూ దాని లోపలి రెసిస్టెన్స్ 200 ఓమ్‌లనుకుందాం. నేరుగా కలిపితే టీవీ మీద 1.09 వోల్టులు పడుతుంది. ఇంకో 150 ఓమ్‌లు కలిపితే 0.7కు దిగుతుంది. కానీ బోర్డు బోర్డుకూ లోపలి రెసిస్టెన్స్ వేరు కాబట్టి ప్రతిసారీ సర్దాలి. పైగా కొన్ని బోర్డుల రంగు సర్క్యూట్‌కు 75 ఓమ్‌ల లోడు బరువైపోయి ముదురు రంగులు నల్లగా కలిసిపోతాయి.

మెరుగైన పద్ధతి: బోర్డు పక్క 1 కిలోఓమ్ పరిధిలో లోడు ఉండేలా ప్రీసెట్‌తో విభజించి, 0.7 వోల్టుకు దించి, ఆ తర్వాత టీహెచ్ఎస్7374 లాంటి వీడియో బఫర్ చిప్‌కు ఇవ్వడం. ఆ చిప్ సిగ్నల్‌ను రెట్టింపు చేస్తుంది, అవుట్‌పుట్‌లో వరుసగా పెట్టిన 75 ఓమ్‌లు, టీవీలోని 75 ఓమ్‌లు కలిసి మళ్లీ సగం చేస్తాయి. బోర్డుకు బరువు పడదు, పొడవాటి కేబుల్‌లోనూ బొమ్మ చెదరదు. బఫర్ అవుట్‌పుట్‌లో కొంచెం డీసీ ఉంటుంది, 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరుసలో పెడితే అది ఆగిపోతుంది.

సర్దడానికి బోర్డు టెస్ట్ మెనూలోని రంగుల పట్టీలు తెరవండి. ఆసిలోస్కోప్ ఉంటే 75 ఓమ్‌ల లోడుతో పూర్తి తెలుపు 0.7 వోల్టు వచ్చేలా ఒక్కో రంగూ సర్దండి. లేకపోతే మూడు ప్రీసెట్‌లనూ తక్కువ కాంతి దగ్గర మొదలుపెట్టి సమానంగా పెంచుతూ పోండి. పట్టీలో చివరి రెండు మెట్లు కలిసి ఒకటిగా కనిపించిన చోట ఆగి, కొద్దిగా వెనక్కి తిప్పండి.

సింక్ సంగతేమిటి?

పీ పిన్ను మీద వచ్చే సింక్ టీటీఎల్ స్థాయి, అంటే 5 వోల్టులకు దగ్గర. 470 ఓమ్‌ల రెసిస్టర్ వరుసలో పెడితే 75 ఓమ్‌ల ఇన్‌పుట్ మీద సుమారు 0.69 వోల్టు అవుతుంది, టీవీలూ స్కేలర్లూ (చిత్రాన్ని కొత్త టీవీలకు సరిపడేలా మార్చే పెట్టెలు) దాన్ని హాయిగా తీసుకుంటాయి. ఒక హెచ్చరిక: అవతల 75 ఓమ్‌ల టెర్మినేషన్ (కేబుల్ చివర గ్రౌండ్‌కు పెట్టే రెసిస్టర్) లేకపోతే ఈ విభజన జరగదు, 5 వోల్టులూ అలాగే వెళ్తాయి. స్కార్ట్ (యూరప్ టీవీల 21 పిన్నుల సాకెట్) స్థాయి కోసం చేసిన పరికరాలకు టీటీఎల్ సింక్ పంపి చిప్‌లు కాల్చుకోవడం ఈ రంగంలో తరచూ జరిగేదే.

బొమ్మ పైభాగం వంగుతుంటే లేదా నిలవకపోతే ఎల్ఎం1881 చిప్‌తో సింక్‌ను శుభ్రం చేసి పంపవచ్చు. అడ్డం, నిలువు సింక్‌లు విడివిడిగా వచ్చే జామాకు ముందరి బోర్డులకు 74ఎల్ఎస్86 ఎక్స్‌ఓఆర్ గేట్‌తో కలపాలి.

స్కార్ట్ సాకెట్‌లో ఏది ఎక్కడ?

ఎరుపు 15, ఆకుపచ్చ 11, నీలం 7, సింక్ 20. వాటి గ్రౌండ్‌లు వరుసగా 13, 9, 5, 17. ఆడియో కుడి 2, ఎడమ 6, ఆడియో గ్రౌండ్ 4. టీవీ ఆర్‌జీబీకి మారాలంటే 16వ పిన్నుకు 1 నుంచి 3 వోల్టులు కావాలి, 5 వోల్టుల నుంచి 180 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఇస్తే దాదాపు 1.5 వోల్టులు వస్తుంది. 8వ పిన్నుకు 12 వోల్టులు ఇస్తే టీవీ 4:3 ఆకారంలో దానంతట అదే ఆ ఛానెల్‌కు మారుతుంది. జపాన్ 21 పిన్నుల ఆర్‌జీబీ కేబుల్ చూడటానికి ఇలాగే ఉంటుంది, వైరింగ్ మాత్రం వేరు. రెండింటినీ కలపకండి.

కొత్త ఎల్‌సీడీ టీవీకి ఎలా కలపాలి?

చాలా జామా బోర్డుల చిత్రం 15.7 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కంప్యూటర్ మానిటర్ వీజీఏ కనీసం 31 కిలోహెర్ట్జ్ అడుగుతుంది. అందుకని మధ్యలో స్కేలర్ కావాలి. ఓఎస్‌ఎస్‌సీ అనే స్కేలర్ గీతలను రెట్టింపు చేసి దాదాపు ఆలస్యం లేకుండా పంపుతుంది. రెట్రోటింక్ 5ఎక్స్ అనేది టీవీలతో సర్దుకుపోవడంలో మెరుగు.

అసలు తలనొప్పి సెకనుకు ఫ్రేముల సంఖ్య. ఆర్కేడ్ బోర్డులు 60కి కట్టుబడవు. నియో జియో ఎంవీఎస్ సుమారు 59.2, సీపీఎస్2 59.6, కేవ్ పాత షూటింగ్ బోర్డులు 57.5, ఐరెమ్ ఎం72 55, మోర్టల్ కాంబాట్ 54.7. 59 దాకా చాలా టీవీలు ఒప్పుకుంటాయి. 55 దగ్గర కొన్ని నల్ల తెర చూపిస్తాయి. స్కేలర్‌లో 60కి మార్చే సెట్టింగు పెడితే బొమ్మ వస్తుంది, కానీ పక్కకు జరిగే దృశ్యాల్లో చిన్న కుదుపు కనిపిస్తుంది. ఇలాంటి బోర్డులే మీకు ఇష్టమైతే పాత సీఆర్‌టీ టీవీ ఉత్తమం.

ఆడియోను టీవీకి ఎలా ఇవ్వాలి? స్పీకర్ మైనస్‌ను గ్రౌండ్‌కు కలపవచ్చా?

కలపకండి. ఈ పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. 10, ఎల్ పిన్నుల మీద వచ్చేది స్పీకర్‌ను నడిపే సిగ్నల్. చాలా బోర్డుల్లో రెండు ఆంప్‌లు ఎదురెదురుగా స్పీకర్‌ను లాగుతాయి, రెండు పిన్నుల మీదా సుమారు 6 వోల్టుల డీసీ ఉంటుంది. ఎల్ పిన్నును ఆర్‌సీఏ ప్లగ్ బయటి రింగుకు కలిపితే అది టీవీ గ్రౌండ్ ద్వారా షార్ట్ అయి ఆంప్ చిప్ కాలిపోతుంది. కొన్ని ఎంవీఎస్ బోర్డుల్లో ఎల్ పిన్ను మైనస్ కూడా కాదు, స్టీరియోలో రెండో ఛానెల్.

సురక్షితమైన పద్ధతి 600:600 ఓమ్‌ల ఆడియో ట్రాన్స్‌ఫార్మర్. 10వ పిన్ను నుంచి 1 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా ప్రైమరీ ఒక కొసకు, ఎల్ పిన్ను నుంచి రెండో కొసకు, ప్రైమరీకి అడ్డంగా 100 ఓమ్‌లు. డీసీ ఉన్న రెండు పిన్నుల మధ్య తేడా మాత్రమే దాటుతుంది, గ్రౌండ్‌తో సంబంధం తెగిపోతుంది. 8 ఓమ్‌ల స్పీకర్ మీద 5 వాట్లంటే 6.3 వోల్టులు. పైన చెప్పిన రెసిస్టర్లు దాన్ని పదకొండో వంతుకు, అంటే 0.57 వోల్టుకు తెస్తాయి. టీవీ లైన్ ఇన్‌పుట్‌కు అది సరిగ్గా సరిపోతుంది. సీపీఎస్2లో స్టీరియో ఆర్‌సీఏ సాకెట్లు బోర్డు మీదే ఉంటాయి, వాటినే వాడండి.

కంట్రోలర్లు ఎలా కలపాలి?

జామా బటన్ నొక్కడమంటే ఆ పిన్నును గ్రౌండ్‌కు తాకించడమే. కాబట్టి స్విచ్ ఒక కాలు గ్రౌండ్‌కు, రెండోది బోర్డు పిన్నుకు. మధ్యలో చిప్ ఏదీ అక్కర్లేదు.

సూపర్‌గన్‌లలో ఎక్కువగా వాడేది నియో జియో హోమ్ కన్సోల్ 15 పిన్నుల ప్లగ్. 1 గ్రౌండ్, 3 సెలెక్ట్ (దీన్ని నాణేనికి వాడతారు), 11 స్టార్ట్, 15 పైకి, 7 కిందికి, 14 ఎడమ, 6 కుడి, 13 ఏ, 5 బీ, 12 సీ, 4 డీ, 8 వద్ద 5 వోల్టులు. ఐదు, ఆరు బటన్లకు మిగిలిన పిన్నులు వాడతారు గానీ ఒక్కో తయారీదారుది ఒక్కో అలవాటు. స్టిక్‌ను ఒక చోటా, పెట్టెను ఒక చోటా కొంటే మల్టీమీటర్‌తో సరిచూసుకోండి. యూఎస్‌బీ ప్యాడ్‌లు నేరుగా పనిచేయవు, డీకోడర్ కావాలి.

ఆరు బటన్ల గేమ్‌లు?

జామా ప్రకారం బటన్లు మూడే. నాలుగోది సాధారణంగా 25, చిన్న సీ మీద వస్తుంది, ఎంవీఎస్ డీ బటన్ అక్కడే. సీపీఎస్1, సీపీఎస్2 గేమ్‌లలో కిక్ బటన్లు జామా అంచు మీద రావు, బోర్డు మీదున్న విడి కనెక్టర్‌కు కిక్ హార్నెస్ (కిక్ బటన్ల వైర్ల కట్ట) వేయాలి. సీపీఎస్2లో అది 34 పిన్నులది.

కొన్ని బోర్డులు 25, 26, 27లను 4, 5, 6 బటన్లుగా వాడతాయి. 27 అసలు జామాలో గ్రౌండ్. మీ పెట్టెలో దాన్ని గ్రౌండ్ చేసి ఉంటే అలాంటి బోర్డులో ఆరో బటన్ ఎప్పుడూ నొక్కినట్టే ఉంటుంది. అందుకని 27, చిన్న ఈ పిన్నులకు జంపర్ పెట్టండి. 1, 2, 28 గ్రౌండ్‌లు ఉంటాయి కాబట్టి కరెంటుకు లోటు రాదు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ఏ క్రమం పాటించాలి?

1. బోర్డు లేకుండా సూపర్‌గన్ ఆన్ చేసి కనెక్టర్ పిన్నుల మీదే +5, +12, −5 కొలవండి. ప్రతి వోల్టేజీ దాని పిన్ను మీదే ఉందో లేదో, ఇంకే పిన్ను మీదకైనా వచ్చిందో చూడండి.
2. ఆఫ్ చేసి, బోర్డు అంచున 5 వోల్టులకూ గ్రౌండ్‌కూ మధ్య రెసిస్టెన్స్ కొలవండి. 1, 2 ఓమ్‌లే చూపిస్తే బోర్డులో షార్ట్ ఉంది, ఆన్ చేయకండి.
3. బోర్డును కర్ర బల్ల మీద, మూలలకు ప్లాస్టిక్ కాళ్లు బిగించి పెట్టండి. లోహపు రేకు, కార్పెట్ రెండూ వద్దు.
4. కనెక్టర్ దిశ చూసుకుని నేరుగా నొక్కండి, పక్కలకు ఊపకండి.
5. ఆన్ చేసిన వెంటనే బోర్డు మీద 5 వోల్టులు కొలవండి. వాసన, పొగ, వేలు పెట్టలేనంత వేడి ఏదైనా వస్తే ఆపేయండి.
6. కరెంటు ఉండగా బోర్డును పెట్టడం, తీయడం ఎప్పుడూ చేయకండి.

ఈ పరీక్షలకు మొదట చవకైన 60 గేమ్‌ల జామా బోర్డు వాడండి. మంచి బోర్డు తర్వాత.

కనెక్టర్ తిరగేసి పెడితే నిజంగా పాడవుతుందా?

అవుతుంది. తిరగేస్తే ప్రతి స్థానం 29 లోంచి తీసేసిన స్థానానికి వెళ్తుంది. గ్రౌండ్‌లు రెండు కొసల్లోనూ ఉన్నాయి కాబట్టి గ్రౌండ్ గ్రౌండ్‌కే తగులుతుంది. సర్క్యూట్ పూర్తవడానికి కావాల్సింది అదే. 5 వోల్టులు 25, 26 స్థానాలకు పోతాయి. −5 మూడో బటన్‌కు, 12 వోల్టులు రెండో బటన్‌కు చేరతాయి. 5 వోల్టులకు మించి భరించలేని ఇన్‌పుట్ చిప్ మీద 12 పడితే అది క్షణంలో పోతుంది. కనెక్టర్ 7వ గాడిలో ప్లాస్టిక్ కీ ముక్క లేకపోతే కొని పెట్టండి, పైవైపు రంగు గుర్తు కూడా వేయండి.

బోర్డు నడుస్తోంది గానీ ఏదో తేడాగా ఉంది. ఎక్కడ చూడాలి?

మాటిమాటికీ రీసెట్ అవుతుంటే 5 వోల్టులు తక్కువగా ఉన్నాయి. చిప్‌లు తడబడగానే వాచ్‌డాగ్ సర్క్యూట్ బోర్డును మళ్లీ మొదలుపెడుతుంది. బొమ్మ నిలువుగా దొర్లుతుంటే సింక్ వైరు లేదా వీడియో గ్రౌండ్. ఒక రంగు లేకపోతే ఆ పిన్ను మురికిగా ఉంది లేదా ప్రీసెట్ పూర్తిగా మూసుకుంది. బొమ్మ మసకగా ఉంటే ఒకే సిగ్నల్‌కు రెండు చోట్ల 75 ఓమ్‌ల టెర్మినేషన్ పడింది. ఆట నడుస్తూ శబ్దం అస్సలు లేకపోతే ముందు 12 వోల్టులు, తర్వాత బోర్డు మీది వాల్యూమ్ బిళ్ల చూడండి. పాత్ర దానంతట అది ఒక వైపు నడిచిపోతుంటే కంట్రోలర్ తీసేసి చూడండి. ఆగితే తప్పు స్టిక్‌లో, ఆగకపోతే పెట్టె వైరింగ్‌లో లేదా బోర్డు ఇన్‌పుట్ చిప్‌లో ఉంది.

నిలువు తెర గేమ్‌లు పక్కకు పడుకున్నట్టు వస్తున్నాయి.

అది తప్పు కాదు. ఆ గేమ్‌లకు క్యాబినెట్‌లో మానిటర్‌నే నిలువుగా తిప్పి బిగిస్తారు. ఇంట్లోనూ తిప్పుకోవాలి, లేదా చిత్రాన్ని తిప్పే స్కేలర్ వాడాలి. బోర్డు మీది ఫ్లిప్ స్విచ్ బొమ్మను 180 డిగ్రీలు మాత్రమే తిప్పుతుంది, 90 కాదు. పెద్ద సీఆర్‌టీని పక్కకు పడుకోబెడితే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి, రంగులు మారతాయి. దానికి బదులు చిన్న ఎల్‌సీడీ తిప్పడం మేలు.

నియో జియో ఎంవీఎస్ మొదటి బోర్డుగా మంచిదేనా?

చాలా మంచిది. 1990లో వచ్చిన ఈ వ్యవస్థలో ఒక మదర్‌బోర్డు ఉంటే క్యాట్రిడ్జ్ మార్చుకుంటూ పోవచ్చు. కొనగానే చూడాల్సింది బ్యాటరీ. చాలా మదర్‌బోర్డుల్లో రీచార్జ్ బ్యాటరీ లీకై చుట్టూ రాగి గీతలను తినేస్తుంది. ఆకుపచ్చ పొడి కనిపిస్తే వెంటనే తీసేసి, వెనిగర్‌తో తటస్థం చేసి, ఆల్కహాల్‌తో కడగండి. దాని స్థానంలో సీఆర్2032 పెట్టాలంటే చార్జింగ్ దారిని తప్పకుండా తెంచాలి. లిథియం కాయిన్ సెల్‌కు చార్జ్ ఎక్కితే పగిలిపోతుంది.

సీపీఎస్2 బోర్డులో బ్యాటరీ అయిపోతే గేమ్ చచ్చిపోతుందా?

గేమ్ కోడును విప్పే తాళం బ్యాటరీ మీద నిలిచే మెమరీలో ఉంటుంది. 3.6 వోల్టుల లిథియం బ్యాటరీ నీరసిస్తే తాళం పోయి, ఒకే రంగు తెర మాత్రమే వస్తుంది. 2016 నుంచి ఆ తాళాన్ని చిన్న మైక్రోకంట్రోలర్‌తో మళ్లీ రాసే పద్ధతి అందుబాటులో ఉంది కాబట్టి చచ్చిన బోర్డును బతికించుకోవచ్చు. అయినా బ్యాటరీ కారి బోర్డు తినేయకముందే మార్చండి.

నయోమి లాంటి జేవీఎస్ బోర్డులకు ఇదే పెట్టె వాడవచ్చా?

వాడలేరు. వాటికి 3.3, 5, 12 వోల్టులు కావాలి. చిత్రం వీజీఏ సాకెట్ నుంచి వస్తుంది, బటన్లు విడిగా ఒక ఐఓ బోర్డు ద్వారా వెళ్తాయి. ఆ ఐఓ కేబుల్ ప్లగ్ అచ్చం యూఎస్‌బీలా ఉంటుంది, కానీ దానిలో నడిచేది ఆర్‌ఎస్-485 సిగ్నల్. కంప్యూటర్‌కు గానీ ఫోన్ చార్జర్‌కు గానీ పెట్టకండి. జామా హార్నెస్‌ను జేవీఎస్‌కు మార్చే తయారు ఐఓ బోర్డులు దొరుకుతాయి. అవి వాడినా 3.3 వోల్టులను వేరుగా, తగినంత కరెంటుతో ఇవ్వాల్సిందే. సూపర్‌గన్‌లోని 5 వోల్టుల నుంచి చిన్న రెగ్యులేటర్‌తో తీసే ప్రయత్నం చేయకండి, అది ఆ లోడును మోయలేదు.